ఆయన గీసిన పిన్నుల పుస్తకం

అక్షరాలు నాకు కూడబలుక్కుంటే తప్ప రావు. అంకెలు మాత్రం మా ఆయన నేర్పాడు. అందుకే ఇదంతా నోటితో చెబుతున్నాను.

ఆయన ఆళ్లగడ్డలో కార్లకు వైరింగ్ పని చేసేవాడు. ఈ కాలం కార్లలో ఇంజన్ను నడిపేది ఒక పెట్టె. ఈసీఎం అంటారు. ఇంజన్లో మూలమూల నుంచీ వైర్లు వచ్చి కప్లర్‌లో గుచ్చుకుంటాయి, ఆ కప్లర్ పెట్టెకు తగులుకుంటుంది. ఏ వైరు ఎన్నో పిన్నుకు పోవాలో తప్పితే బండి కదలదు, ఒక్కోసారి పెట్టే కాలిపోతుంది. కంపెనీ కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి, ఆయనకూ రాదు. అందుకని తానే వెతికి, ఒక్కో రకం బండికి ఒక్కో పేజీ గీసుకున్నాడు.

వెతకడానికి ఇద్దరు కావాలి. నేను కారులో కింద కూర్చుని మీటరుకుండే రెండు ముళ్లలో ఒకటి పిన్నుకు ఆనించేదాన్ని. ఆయన బానెట్ కింద వైరు రెండో కొసకు ఇంకో ముల్లు పెట్టేవాడు. రెండూ ఒకే వైరువైతే మీటరు కూస్తుంది. రోడ్డు మోతలో ఆ కూత ఆయనకు వినబడేది కాదు. "కూసిందా?" అని అరిచేవాడు. "కూసింది" అనేదాన్ని. మా కాపురంలో ఎక్కువ మాట్లాడుకున్నది అదే.

ఆయన పోయి రెండేళ్లు. ఇప్పుడు నన్నెవరూ ఏమీ అడగరు. పాలవాడు కూడా ప్యాకెట్టు తలుపుకు తగిలించి పోతాడు.

ఆయన దగ్గర లైట్ల పని నేర్చుకున్న ఒకతను నంద్యాలలో షెడ్డు పెట్టుకున్నాడు. పుస్తకం అతనికే ఇచ్చాను. పోయిన నెల ఫోను చేశాడు.

"వదినా, అన్న బుక్కులో తప్పుండాది. ఎలకలు కొరికిన బండికి బుక్కు సూసే వైర్లు గుచ్చినా. తాళం తిప్పితే ఫ్యూజు ఎగిరిపోతాంది. ఇంగోసారి తిప్పితే పెట్టె కాల్తాది. ఆ బుక్కు పక్కన పెట్టేస్తాండా."

మరునాడు పొద్దున్నే నంద్యాల బస్సెక్కాను.

"ఏంది వదినా, ఇంత దూరం వచ్చినావ్?"

"బుక్కు తీయప్పా."

తీశాడు. కప్లర్ నోరు, అంటే పెట్టెకు తగులుకునే కొస, తన వైపు పెట్టుకుని పిన్నులు లెక్కపెడుతున్నాడు. నాకు గుర్తొచ్చింది. ఆయన గీసేటప్పుడు ఎదురుగా కూర్చుని కప్లర్ పట్టుకున్నది నేను.

"నోరు నీ దిక్కు పెట్టుకుంటివేంది? అప్పుడు నోరు నా దిక్కుండె. మీ అన్నకు కనబడింది వైర్ల దిక్కు, అదే గీసినాడు. నువ్వు తిప్పి సూస్తే ఎడమది కుడికి రాదా?"

అతను కప్లర్ తిప్పాడు. మళ్లీ తిప్పాడు. "నా బుద్ధి మండ!" అని నెత్తి కొట్టుకున్నాడు.

మధ్యాహ్నం దాకా వైర్లన్నీ పీకి మళ్లీ గుచ్చాడు. ఇక సరిచూడాలి. ఎవరూ చెప్పకుండానే నేను కారులో కూర్చుని మీటరు ఒళ్లో పెట్టుకున్నాను.

"కూసిందా వదినా?"

బానెట్ లేచి ఉంది, మనిషి కనబడడు. బయట రోడ్డు మోతకు అతనికీ కూత వినబడదు. "కూసింది" అన్నాను. పేజీ అయిపోవస్తోంది. ఇంకా నాలుగు మిగిలాయనగా ఒకటి కూసింది. కూయలేదన్నాను. మళ్లీ అడిగాడు. మళ్లీ కూయలేదన్నాను. ఇంకొన్నిసార్లు అడగనీ అని. అంతే, వేరే కారణం లేదు.

"అయితే ఈడ అన్న బుక్కే తప్పేమో" అన్నాడు.

పుస్తకం నిజమని నిలబెట్టడానికి వచ్చి, నా నోటితో నేనే దాన్ని తప్పు చేశాను.

"తప్పు కాదప్పా. కూసింది. రెండుసార్లూ కూసింది. నేనే లేదన్నా."

తల పక్కకు వంచి చూశాడు. "ఎగతాళా వదినా? అన్న ఉంటే తాట తీసేటోడు."

"తీసేటోడు" అన్నాను.

ఎందుకని అడగలేదు. మళ్లీ బానెట్ వెనక్కి పోయాడు.

బండి ఒక్క తిప్పుకే అందుకుంది. పుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాయమన్నాను. "వైర్ల దిక్కు నుంచి సూడాల" అని రాశాడు. కూడబలుక్కుని చదివాను, సరిగ్గానే ఉంది. ఇక ఆ పుస్తకం చూడడానికి నన్ను పిలవాల్సిన పని లేదు. ఆళ్లగడ్డ బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది.