పులుసు మీద వేసిన నింద

ఫుల్ చేతుల చొక్కా ఎంత బరువుంటుంది? ఉతికి ఆరేసింది గుప్పెట్లో పట్టేస్తుంది. నేను తొడుక్కునేది మాత్రం చాలా ఏళ్లుగా ఇనుప చొక్కాలా ఉంది. రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకునే మే నెల ఎండలో కూడా మణికట్టు దాకా బొత్తాం పెట్టుకునే కూర్చుంటాను. ఎవరైనా అడిగితే, "వెల్డింగు చేసినవాణ్ణి కదా, అలవాటు" అంటాను. అది సగం నిజం. సగం నిజాలు చెప్పడంలో ఈ మద్దేడు ఊళ్లో నన్ను మించినవాడు లేడు.

ఆ చొక్కా కింద ఏముందో, దాన్ని దాచడం కోసం ఒక మనిషిని ఏం చేశానో ఎవరికైనా చెప్పాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాను. నా పేరు అడగకండి. మిగతాదంతా చెబుతాను.

కిరండూల్ ఇనుప గనిలో వెల్డరుగా చేసి రిటైరయ్యాను. ఎలాంటి వెల్డరుననుకున్నారు? కొండంత డంపరు లారీ రెండు ముక్కలైతే ఇంజనీర్లందరూ చేతులెత్తేసి నాకోసం జీపు పంపేవారు. నేను దిగి, ముసుగు వేసుకుని... లేదు. ఎవరూ జీపు పంపలేదు. నేను మామూలు వెల్డరుని. నేను అతికించినవి కొన్ని మళ్లీ ఊడేవి. చూశారా, నిజం చెబుదామని కూర్చున్నా నా నోరు దానంతట అదే గాలి కొడుతోంది.

సొంతూరు విజయనగరం వైపు. మద్దేడు మా ఆవిడ పుట్టిల్లు. రిటైరయ్యాక ఇక్కడే రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసి, ట్రాలీలూ గేట్లూ అతికిస్తూ ఉండిపోయాను.

ఉద్యోగం చివరి రోజుల్లో నాకు సోరియాసిస్ వచ్చింది. చర్మం ఎర్రబడి, దాని మీద తెల్లటి పొలుసులు లేస్తాయి. గోకితే పొట్టులా రాలతాయి. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. అంటుకోదని నోటీసు అంటించినా క్యాంటీనులో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదేమో. కంపెనీ ఆసుపత్రివాళ్లు విశాఖపట్నం పంపితే, మా అక్క ఇంట్లో ఉండి వారానికి మూడుసార్లు లైటు పెట్టించుకునేవాణ్ణి. అల్ట్రావయొలెట్ లైటు. బీరువాలాంటి పెట్టె, లోపల చుట్టూ నిలువుగా ట్యూబులైట్లు. కళ్లకు నల్లద్దాలు పెట్టుకుని, ఒంటి మీద గోచీపాటి గుడ్డతో అందులో నిలబడాలి. మొదట్లో ముక్కు గోక్కునేంత సేపే. తర్వాత్తర్వాత ఒంటిని చూసుకుంటూ కొంచెం కొంచెం పెంచుతారు.

మద్దేడులో మాత్రం నన్ను రాకెట్టులాంటి దాంట్లో నిలబెట్టారనీ, పెద్ద డాక్టర్లు చుట్టూ చేరి నా ఒంటిని చూసి ఆశ్చర్యపోయారనీ చెప్పాను. నిజానికి అక్కడ నన్ను చూసి ఆశ్చర్యపోయినవాళ్లు లేరు. నాలాంటివాళ్లు బెంచీ నిండా ఉన్నారు.

ఒకరోజు డాక్టరమ్మని అడిగాను, వెల్డింగు వెలుగులో కూడా ఇదే వస్తుంది కదండీ అని. వస్తుంది, అందామె. వస్తుంది గానీ దానితోపాటు చర్మాన్ని కాల్చేవి చాలా వస్తాయి, కొలత ఉండదు, అందుకే కదా మీకు ముసుగూ తోలు గ్లవుజులూ ఇచ్చేది అని కూడా అంది. ఇంకో మాటా అడిగాను. పథ్యం ఏమిటని. చేపలు బాగా తినండి, చుట్టా మందూ మానండి అంది. ఆ రెండూ నేను మానలేదు కాబట్టి ఆ జవాబు ఎవరికీ చెప్పలేదు.

చేతులు తేటబడ్డాయి. ఇంకా కొన్నాళ్లు రమ్మన్నారు. అప్పటికి రిటైరై మద్దేడు చేరాను. నేను వెళ్లలేదు. నున్నటి చేతులు వచ్చాక వాటిని జనానికి చూపించాలన్న తొందర తప్ప నాకు ఇంకేం పట్టలేదు. పొట్టి చేతుల చొక్కా కొనుక్కుని మద్దేడు బాజారులో తిరిగాను. రైతులూ కూలీలూ షెడ్డు దగ్గర ఆగి నా చేతులు పట్టుకు చూసేవాళ్లు. ఎలా నయమైందని అడిగితే, "ఆ మెషీను ఏముంది? నా వెల్డింగు రాడ్డు అంటిస్తే వచ్చేదీ అదే వెలుగు. డాక్టరమ్మే ఒప్పుకుంది" అనేవాణ్ణి. ఆమె చెప్పినదాంట్లో మొదటి ముక్క మాత్రమే చెప్పి మిగతాది మింగేశాను. అది అబద్ధమంటారా? నేను చాలాకాలం కాదనుకున్నాను.

నా బామ్మర్ది పోశం ఆ మాట నమ్మాడు.

పోశం మా ఆవిడకు తమ్ముడు. నాలుగెకరాల సేద్యం ఉన్నా ఊరికి అతను రైతుగా తెలియదు, వంటవాడిగా తెలుసు. ఈ చుట్టుపక్కల పెళ్లయితే గాడిపొయ్యి తవ్వే ముందే పోశానికి కబురు వెళ్లాలి. ఎండుచేపలూ చింతచిగురూ వేసి అతను పెట్టే పులుసు కోసం పిలవని వాళ్లు కూడా పెళ్లికి వచ్చేవాళ్లు. ఇందులో నేను గాలి కొట్టడం లేదు. ఉప్పు సరిపోయిందో లేదో చూడటానికి గరిటె చివర నుంచి అరచేతిలో ఒక చుక్క వేసుకుని, నాలుక కొసతో తాకి, కళ్లు మూసుకునేవాడు. ఆ కళ్లు తెరిచేదాకా పందిట్లో ఎవరూ విస్తరాకు వేసేవారు కాదు.

అతని చేతుల మీదా ఇదే జబ్బు లేచింది. మణికట్ల దగ్గర మొదట. ఒక పెళ్లిలో మగపెళ్లివారి వైపు పెద్దమ్మ ఎవరో, "పొట్టు రాలే చేతులతోటి వండింది మేము తినం" అంది. తర్వాత పిలుపులు తగ్గాయి. చివరికి అతని చిన్ననాటి దోస్తు ఇంట్లో పెళ్లి కుదిరింది. వంట నీదే గానీ చేతులు మంచిగ చేసుకో అన్నాడట ఆ దోస్తు, మొహం చూడలేక. పోశం నా షెడ్డుకు వచ్చాడు.

"బావా, నీ చేతులేంది, కొత్త పెండ్లికొడుకు తీరు మెరుస్తున్నయి?"

"మీ అక్కని అడుగు."

"అక్కకేం తెలుసు, నీ మొఖం సూసుడు బందు పెట్టి ఎన్నేండ్లాయె. గా లైటు నీ కాడ ఉన్నదంటివి గద. నాకు గూడ కొట్టు."

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చెప్పాలని అనిపించిందా? అనిపించింది. అతని వెనక ట్రాక్టరు బాగు చేయించుకోవడానికి వచ్చినవాళ్లు నిలబడి వింటున్నారు. వాళ్ల ముందు, ఒరే అదంతా ఊరికే అన్నానురా అనడం నాకు చేతకాలేదు. అంతే. ఇంతకంటే పెద్ద కారణం వెతికాను చాలాసార్లు. దొరకలేదు.

ఒక తువ్వాలు మడతపెట్టి అతని కళ్లకు కట్టాను. చేతులు చాపి స్టూలు మీద కూర్చోమన్నాను. ఎదురుగా విరిగిన ట్రాలీ పట్టీ పెట్టుకుని రాడ్డు అంటించాను. ఒకటి అయిపోతే ఇంకొకటి. ఎంతసేపు చేయాలో నాకేం తెలుసు? నా గొప్ప సరిపోయేంతసేపు చేశాను. "వెచ్చగ మంచిగున్నది బావా" అన్నాడు.

నేను మాత్రం ముసుగు వేసుకునే ఉన్నాను. తోలు గ్లవుజులు వేసుకునే ఉన్నాను. ఈ ఒక్క సంగతి దగ్గరికి వచ్చేసరికి నా మనసు ప్రతిసారీ ఆగిపోతుంది. నిజంగా అది మందు అని నేను నమ్మి ఉంటే నా చేతులు ఎందుకు కప్పుకున్నాను?

సాయంత్రానికి అతని చేతులు పండుమిరపకాయలయ్యాయి. తెల్లారేసరికి బొబ్బలు. తువ్వాలు కిందనుంచి ఒకసారి తొంగి చూశాడట, కళ్లలో ఇసుక పోసినట్టు మంట. మా ఆవిడ బంగాళాదుంప తురిమి కళ్ల మీద కట్టింది. కళ్లు తేరుకున్నాయి. బొబ్బలు కూడా మానాయి. కానీ మానిన చోటల్లా, అంతకుముందు మచ్చ లేని చోట కూడా, మోచేతుల పైదాకా అదే జబ్బు లేచింది. దెబ్బ తగిలిన చర్మం మీద ఇది కొత్తగా లేస్తుందని విశాఖలో మొదటి రోజే చెప్పారు. నాకు గుర్తుంది.

పెళ్లికి ముందు రోజు అతని ఇంటికి వెళ్లాను. మంచం మీద చేతులు గాలికి పెట్టుకుని కూర్చున్నాడు. మా ఆవిడ అక్కడే ఉంది.

"గిట్లెందుకైంది బావా? నీకు మంచిగైంది గద."

నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో ఇప్పటికీ తెలియదు. వచ్చిన మాట ఇది:

"పథ్యం ఏటి చేసావురా?"

"పర్హేజా? నువ్వేం చెప్పలే."

"చెప్పలేదా? చేప ముట్టుకోవద్దని చెప్పలేదూ? లైటు పెట్టుకున్న ఒంటికి చేప విషం రా!"

అతని మొహం మెల్లగా మారడం నేను చూశాను.

"మొన్న బోరుకాడోళ్ల ఇంట్ల పులుసు ఉప్పు సూసిన బావా. ఒక్క సుక్క. నాలిక కొసకే."

"అదే! ఆ చుక్కే చేసింది."

"అయ్యో," అన్నాడు. మంటలు పుడుతున్న ఆ చేత్తోనే నుదురు కొట్టుకున్నాడు. "నువ్వు మంచి జేస్తే నేను ఖరాబు జేసుకున్న గదనే."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను చేప మాట ఎన్నడూ అనలేదని ఆమెకు తెలుసు. ఏమీ అనలేదు. ఇంటికి వచ్చాక కూడా అనలేదు. నాకు ఆ క్షణాన ఏమనిపించిందో చెప్పనా? హాయిగా అనిపించింది. తప్పు నా చేతుల్లోంచి అతని నాలుక మీదకు వెళ్లిపోయింది కదా.

ఆ పెళ్లికి పోశం వండలేదు. ఆ తర్వాత ఏ పెళ్లికీ వండలేదు. పెద్ద గరిటె ఎవరికో ఇచ్చేశాడు. రుచి చూడకూడని వంటవాడు ఏం వండుతాడు? పెళ్లిళ్లలో కట్టెలు కొట్టిచ్చి, దూరంగా కూర్చుంటాడు. ఇంట్లో చేప వండనివ్వడు. తనకే కాదు, వాసన వస్తే నోరు ఆగదని పెళ్లాం పిల్లలకు కూడా మానిపించాడు. అన్నిటికన్నా నన్ను నమిలేసింది ఏమిటంటే, జబ్బు గురించి ఎవరు అడిగినా, "బావ మంచిగనే జేసిండు, నా నాలికే పాడుది" అని చెబుతాడు. నవ్వుతూ చెబుతాడు. నేను పక్కన కూర్చుని వింటాను. తల కూడా ఊపాను కొన్నిసార్లు.

చలికాలం రాగానే నాకు జబ్బు తిరగబెట్టింది. మధ్యలో మానేసి వచ్చినవాడికి రాకేం చేస్తుంది? అప్పటి నుంచే ఈ చొక్కా. నేను చేపలు తినకుండా పథ్యం చేసి నయం చేసుకున్నవాణ్ణి కదా ఊరి దృష్టిలో! అందరి ముందూ చేప మానేశాను. ఇంట్లో తలుపు వేసుకుని తినేవాణ్ణి. మా ఆవిడ వండి పెట్టేది. నా చొక్కాలు ఉతికే ముందు పొట్టు దులిపేది. ఆమె ఒక్కమాట అడిగి ఉంటే చెప్పేసేవాణ్ణి అనుకుంటాను. ఇది కూడా తప్పు ఆమె మీదకు తోయడమేనా? అవును, అలాగే ఉంది.

ఈ ఎండాకాలం జగదల్పూరులో అలాంటి లైటు పెట్టే చోటు ఉందని ఎవరో పోశానికి చెప్పారు. అతని మోకాళ్లు కూడా పగిలి నెత్తురు కారుతున్నాయి ఇప్పుడు. నాతో అన్నాడు, పోను బావా, నా నోరు నా మాట ఇనదు, మల్ల ఖరాబు జేసుకుంట అని. అప్పుడు నాకు అర్థమైంది. ఎప్పుడో వేసిన నింద అనుకున్నాను ఇన్నాళ్లూ. అది ఇవాళ కూడా అతని దారికి అడ్డంగా కూర్చుని ఉంది.

నిన్న మధ్యాహ్నం వెళ్లాను. వాకిట్లో ఎవరి పెళ్లికో కట్టెలు కొడుతున్నాడు. చొక్కా చేతులు భుజాల దాకా మడిచి అతని ముందు చాపాను. డాక్టరమ్మ అన్న రెండో ముక్క చెప్పాను. ముసుగు, గ్లవుజుల సంగతి చెప్పాను. చేప మాట ఆ రోజు మంచం పక్కన నిలబడి అప్పటికప్పుడు పుట్టించానని చెప్పాను. ఒక్క ముక్క కూడా పెంచలేదు, తగ్గించలేదు. నా జన్మలో అలా మాట్లాడటం అదే మొదలు.

అతను నా చేతుల వైపు చూశాడు.

"గయితే పులుసుది గాదా?"

"కాదు."

గొడ్డలి మొద్దు మీద దించి లోపలికి వెళ్లిపోయాడు. నాకు ఇవ్వడానికి నీళ్ల చెంబుతో గడప దాకా వచ్చిన అతని భార్య అంతా విన్నది. ఆ చెంబు అలాగే పట్టుకుని వెనక్కి తిరిగింది. ఈ ఊళ్లో వాకిట్లోకి వచ్చిన పగవాడికి కూడా నీళ్లు ఇస్తారు. ఇంటికి వచ్చేశాను.

జగదల్పూరు వెళతాడో లేదో తెలియదు. నాతో ఇక మాట్లాడతాడో లేదో తెలియదు. మడిచిన చొక్కా చేతులు మళ్లీ దించలేదు. మా అరుగు మీద అలాగే కూర్చున్నాను. దారిన పోయేవాళ్లు చూశారు. చూడనీ. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ మచ్చల మీద గాలి తగిలింది. మండింది. అయినా బాగుంది.

పొద్దు వాలుతుండగా వీధి అవతల పోశం ఇంట్లోంచి వాసన వచ్చింది. ఎండుచేపలు వేగుతున్న వాసన. తర్వాత చింతచిగురు పడిన వాసన. అది అతని భార్య చేసిన పోపు కాదు. ఆ చేతి వాసన నాకు తెలుసు.

నన్ను పిలవలేదు. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను.