కొయ్యని మూడు వారాలు

ఇది 2023 జూలై నాటి మాట. పాల్వంచ దగ్గర ఒక కాలేజీలో అటవీ వనరులు, వాటి సంరక్షణ అనే సబ్జెక్టు చెబుతున్నాను. చివరి ఏడాది విద్యార్థులు ఒక చిన్న పరిశోధన చేసి రాయాలి. దాన్ని డిజర్టేషన్ అంటారు. పని ఎలా చేయాలో గైడ్ నిర్ణయిస్తాడు, విద్యార్థి అడవిలో లెక్కలు తీస్తాడు. గైడ్ సంతకం పడితేనే అది వైవాకు, అంటే బయటి పరీక్షకుల ముందుకు వెళుతుంది.

సంతకం విషయంలో నేను గట్టివాణ్ణి. తిరుమలాయపాలెం వైపు మా తాతగారి మాట ఉంటే పత్రం అక్కర్లేదనేవారు. ఆ భూములు పోయాయి, ఇల్లు పోయింది. నేను కిరాయి ఇంట్లో ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్నాను. అయినా తప్పు కాగితం మీద మా ఇంటిపేరు పడనివ్వలేదు.

ఆ ఏడు మడకం రాధ అనే కోయ అమ్మాయికి నేను గైడ్‌ని. ఆమె విషయం మొర్రిపండు. దాని గింజలోనిదే సారపప్పు. పోటీ పడి పచ్చికాయలే కోసేయడంతో కొత్త మొక్కలు తగ్గుతున్నాయి. ఏ వారం కోసిన పండు గింజ మొలుస్తుందో తేల్చితే, ఫలానా రోజుకు ముందు కోయవద్దని ఊళ్లకు చెప్పవచ్చు. అందుకు ఆరు వారాలు, ప్రతి సోమవారం, ఆమె ఊరి అడవిలో గుర్తుపెట్టిన ఇరవై చెట్ల నుంచి పండ్లు కోసి, గింజలు కాలేజీ నర్సరీలో నాటాలి. డేటా షీట్, అంటే లెక్కలు నింపే ఫారం, నేనే తయారుచేసి ఇచ్చాను.

జూలైలో ఆమె తెచ్చిన షీట్‌లో మొదటి మూడు వారాల గళ్లు ఖాళీగా ఉన్నాయి.

"ఇదేంటి?"

"కొయ్యలేదు సార్. అప్పటికి మా ఊళ్లె కొత్తల పండుగ కాలేదు. దేవతకు పెట్టకముందు చెట్టు మీద చెయ్యి వెయ్యం."

"ఈ మాట ఏప్రిల్‌లో చెప్పాల్సింది."

"ఒకసారి చెప్పనీకి వచ్చిన సార్. షీట్‌ల ఉన్నట్టు చెయ్యి, కథలు చెప్పకు అన్నరు."

అన్నాను. గుర్తుంది. అయినా సంతకం పెట్టనని చెప్పాను. పండ్ల కాలం అయిపోయింది కాబట్టి మళ్లీ వచ్చే వేసవి దాకా ఆగాలి, అంటే ఆమెకు ఏడాది పోయినట్టే. ఆమె షీట్ తీసుకుని, "మా పెదనాయన మీతోటి మాట్లాడుతనన్నడు సార్, ఒక్కసారి ఊరికి రాండ్రి," అంది. అబద్ధమైతే అక్కడే తేలిపోతుందనుకుని ఆదివారం బస్సెక్కాను.

పెదనాయన ముత్తయ్య ఊరి పూజారి. ముందు నా ఇంటిపేరు అడిగాడు, తరువాత మంచం వాల్చాడు.

"కూసో సార్. పాతదే గని విరగది."

"పర్వాలేదు, నిలబడతాను."

"గట్లనే ఉండు. మీ తాత సుత గిట్లనే నిలబడి మాట్లాడెటోడు. ఆయన ఈ అడివిల కూపు పట్టినప్పుడు మా నాయన గొడ్డలి పట్టిండు." కూపు అంటే కలప నరకడానికి వేలంలో ఇచ్చే అడవి ముక్క. "మంచోడే. కాకపోతే ఏదీ ఎవ్వర్నీ అడగకపోయేటోడు."

నా ముఖం మారి ఉంటుంది. రాధ తల దించుకుంది.

"చదువు కోసం నాలుగు పండ్లు కోస్తే ఏమవుతుంది?" అన్నాను.

"నాలుగు పండ్లకు ఏమైతది సార్? ఏం కాదు. పప్పు కొనే బేరగాడు సుత గదే అంటడు. ఒక్కడు పచ్చివి కోసిండంటే పక్కోడు ఆగుతడా? రెండు దినాలల్ల చెట్టు బోడి. అందుకే అందరికీ ఒక్కటే పండుగ, ఒక్కటే దినం. మా పిల్లే ముందుగాల కోస్తె రేపు నా మాట ఎవడింటడు?"

అప్పుడు కూర్చున్నాను. ఊళ్లకు ఒక కోత తేదీ చెప్పాలని మేం పరిశోధన చేస్తున్నాం. ఆ ఊరికి తేదీ ముందే ఉంది. ఉందా అని నేను అడగలేదు.

"మరి ఆ మూడు వారాలు ఏం చేశావు?" అని రాధను అడిగాను.

ఆమె పెరట్లోకి తీసుకెళ్లింది. మూడు వరుసల మట్టి కవర్లు, ప్రతి వరుసకూ వారం రాసిన చీటీ. గాలికి రాలిన పచ్చికాయలు ఏరి, వాటి గింజలు నాటింది. ఏ చెట్టు కింద ఎన్ని దొరికాయో నోట్‌బుక్‌లో రాసుకుంది. మొదటి రెండు వరుసల్లో మొలక లేదు. మూడో వరుసలో ఐదో ఆరో లేచాయి.

"ఇవి షీట్‌లో ఎందుకు రాయలేదు?"

"షీట్‌ల కోసిన పండ్లు అని ఉంది సార్. నేను కొయ్యలేదు గదా."

"మొలిచినయని రాసేస్తే సార్‌కు తెలుస్తదా, రాసెయ్ అని దీని దోస్తులు చెప్పిన్రు," అన్నాడు ముత్తయ్య. "ఇది వింటదా? మొండిది."

మరునాడు డిజర్టేషన్‌లో ఒక పేజీ నేను రాసి చేర్చాను. మొదటి మూడు వారాల గింజలు రాలిన కాయలవని, రాలినదీ కోసినదీ ఒకటి కావని, ఊరి కట్టుబాటు కనుక్కోకుండా పద్ధతి నిర్ణయించడం గైడ్ పొరపాటని రాశాను. కింద పూర్తి పేరుతో సంతకం పెట్టాను. పెన్ను కాసేపు ఆగిన మాట నిజం.

వైవాలో పరీక్షకురాలు ఆ పేజీ రెండుసార్లు చదివి నా వైపు చూశారు. తరువాత రాధను అడిగారు: "ఈ మూడు గళ్లు నింపేస్తే గొడవ ఉండేది కాదుగా?"

"కొయ్యని పండు మొలిచిందని ఎట్ల రాయాలె మేడమ్?"

ఆమె పాసైంది. ఏడాది దక్కింది. కానీ పద్ధతిలో లోపం ఉందని మార్కులు కోశారు, దాంతో ఫస్ట్ క్లాస్ కొద్దిలో పోయింది. ఆ కోత న్యాయమే, రాలిన కాయలతో అంత గట్టిగా తేల్చలేం.

ఇప్పుడు ఫారం తయారు చేయకముందే, మాఘంలోనే ఆ ఊళ్లకు వెళుతున్నాను. మంచం వేస్తే కూర్చుంటున్నాను. ఎవరి షీట్ వచ్చినా ముందు ఖాళీ గళ్లు చూసి, ఎందుకు ఖాళీ అని అడిగి, జవాబు పూర్తిగా విన్నాకే పెన్ను తీస్తున్నాను. ఇదంతా తరువాతి పిల్లలకు పనికొచ్చింది. రాధకు పనికిరాలేదు. పొరపాటు నాదని ఒప్పుకున్న కాగితం కాలేజీ బీరువాలో ఉంది. ఆ పొరపాటు మూలంగా తగ్గిన మార్కులు మాత్రం ఆమె మెమోలోనే ఉన్నాయి.