సెలవు డబ్బాలు

పోస్టుకు చేరింది సాయంత్రం నాలుగున్నరకు. ఎత్తు పదహారు వేల అడుగులు. చలి మైనస్ పద్దెనిమిది డిగ్రీలు. వీపు మీద ఇరవై రెండు కిలోలు, చేతులకు రెండు జతల గ్లవుజులు, కళ్లకు నల్లద్దాలు. అక్కడ రెండు బంకర్లు, నాతో కలిపి ఆరుగురం. బొగ్గు గనుల సెంటినరీ కాలనీ క్వార్టర్లలో ఎండకు మాడి పెరిగినవాణ్ణి. మొదటి వారమంతా ముక్కు ఉందో లేదో తడిమి చూసుకునేవాణ్ణి.

నిజం చెప్పాలంటే నాకు తిండి పిచ్చి. సైన్యంలో చేరితే దేశమంతా తిరిగి తినొచ్చనుకున్నాను. ఆ కోరిక తీరింది. పైకి వచ్చే దారిలో లేహ్ బజారులో తుక్పా అనే నూడుల్స్ పులుసు తిన్నాను. ఉప్పు వేసిన వెన్న టీ మొదటి గుక్క ఉమ్మేయబోయి, మూడో కప్పు అడిగి తాగాను. పోస్టులో బిహార్ వంటవాడు గోధుమపిండి ఉండల్లో సత్తు, అంటే వేయించిన శనగల పిండి, కూరి లిట్టీలు కాల్చేవాడు. నాగాలాండ్ నుంచి వచ్చిన రేడియో ఆపరేటర్ పొగబెట్టిన పందిమాంసం వెదురు మొలకలతో వండాడు. అందులో వేసింది ఒక్కటే మిరపకాయ. కారం మా ఇంటి సొత్తని గొప్పలు పోయిన నేను మంచు ముద్ద నోట్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆపరేటర్ కడుపు పట్టుకుని నవ్వాడు.

పోస్టులో ఒక కట్టుబాటు ఉండేది. సెలవు నుంచి వచ్చినవాడు భుజం మీది బరువు దించకముందే ఇంటి డబ్బా విప్పాలి. అందరూ తినాలి. ఎవరూ వద్దనకూడదు.

చలికాలం చివర నేనూ ఆపరేటరూ ఒకే రోజు సెలవు ముగించుకుని పైకి వచ్చాం. నా డబ్బాలో అమ్మ నూరిన పుంటికూర తొక్కు, అదే గోంగూర పచ్చడి. అతని డబ్బాలో పొగచేప. మా పోస్టు కమాండరైన గఢ్వాలీ హవల్దార్ రెండూ కలిపి లాగించాడు. వంటవాడు మాకోసం లిట్టీలు చేశాడు. ఆపరేటర్ పళ్లెం నిండా పెట్టించుకుని, లోపల పొగగా ఉంది, బయట తింటానని వెళ్లాడు. పది నిమిషాల్లో ఖాళీ పళ్లెంతో వచ్చి తొక్కు మళ్లీ అడిగాడు. నేను పొంగిపోయాను. మూడు రోజులు, ప్రతి పూటా అంతే.

రెండో రోజు నాతో తలనొప్పిగా ఉందన్నాడు. "కమాండర్‌కు చెప్పకు. కిందికి పంపితే మెడికల్ కేటగిరీ పడిపోతుంది, ప్రమోషన్ ఆగిపోతుంది" అన్నాడు. పైన తలనొప్పి అందరికీ ఉండేదే. మనిషి తిండి మానేస్తే మాత్రం అది ఎత్తు జబ్బుకు గుర్తు, వెంటనే చెప్పాలని ఆర్డరు. నాకంటే ఎక్కువే తింటున్నాడు కదా అని ఊరుకున్నాను.

నాలుగో రోజు ఉదయం అయిదూ నలభైకి లేవలేకపోయాడు. ఊపిరి గురగురమంటోంది. పెదవులు నీలం. ఉన్న ఒక్క ఆక్సిజన్ సిలిండర్ పెట్టాం. రేడియో సెట్టు నేను పట్టుకున్నాను.

"ఎన్ని రోజులుగా తినడం లేదు? ఓవర్" అని కింది నుంచి డాక్టర్ అడిగాడు.

"తింటున్నాడు సార్. బాగా తింటున్నాడు. ఓవర్."

హెలికాప్టర్‌కు మబ్బు అడ్డం. పదీ యాభైకి ఆపరేటర్ పోయాడు. పదకొండూ ఇరవైకి మబ్బు వీడింది, హెలికాప్టర్ దిగింది. స్ట్రెచర్ కాళ్లవైపు నేను పట్టాను. ఏడుపు రాలేదు. చలికి వేళ్లు తిమ్మిరెక్కినట్టు లోపల కూడా ఏదో తిమ్మిరెక్కింది. అది ఇంకా వదల్లేదు.

సర్వీసు ముగించుకుని కాలనీకి వచ్చేశాను. షిఫ్టు దిగి వచ్చినవాళ్లు ఎక్కడెక్కడ ఏమేం తిన్నానని అడుగుతారు. నోరూరేలా చెబుతానని పేరు కూడా వచ్చింది. ఒకరోజు అమ్మ అడిగింది.

"మరి నా తొక్కు గా పిలగాండ్లు తిన్నరా బిడ్డా?"

"తిన్నరమ్మ" అన్నాను.

ఆమెకు చెప్పనిది ఒకటుంది. హెలికాప్టర్ వెళ్లాక, నీళ్లకోసం మంచు తేవాలని పార పట్టుకుని బంకర్ వెనక్కి వెళ్లాను. పైపొర తీయగానే అన్నం కనిపించింది. దాని కింద చేప ముక్కలు, లిట్టీలు, వాటి మధ్య పుంటికూర. మూడు రోజుల పూటలన్నీ ఒకదానిమీదొకటి గడ్డకట్టి ఉన్నాయి. ఒక లిట్టీ అంచున మాత్రం పంటి గాటు ఉంది. ఆ గాటు ఇప్పటికీ నా కళ్ల ముందు నుంచి పోదు.