గొట్టంలో ఇరుక్కున్న క్లారీ నోస్కే

పిల్లల కోసం ఏ వస్తువు వచ్చినా సరే, ముందు తన ఒంటిమీద ప్రయోగించుకుంటే గానీ వాళ్ల దాకా పోనివ్వడు క్లారీ నోస్కే. అదీ ఆయన జబ్బు. సముద్రపొడ్డున ఉన్న పోర్ట్ కాల్డో ఊళ్లో దానికి మందు లేదు.

డెబ్బై దాటిన మనిషి. గోధుమ పొలం కొడుక్కి అప్పజెప్పి ఊళ్లోకొచ్చి పడ్డాడు. పొడుగే తప్ప వెడల్పు లేదు. కంచె గుంజకి టోపీ తగిలించినట్టుంటాడు. ఆ బడిలో ఆయన మనవలెవరూ చదవకపోయినా ఊరి తరఫున స్కూలు పాలక మండలిలో సభ్యుడు. మండలి అధ్యక్షురాలు గ్లెనిస్ ట్రేగర్‌కి ఊళ్లో మందుల షాపు. డాక్టరు రాసింది రాసినట్టే ఇవ్వాలి, మనిషన్నాక ఉన్నదున్నట్టే చెప్పాలి అనే రకం. అలాంటామె నెత్తిన దేవుడు క్లారీని పెట్టాడు.

యూనిఫాం సంగతే తీసుకోండి. ఆడపిల్లలకి వేసవి గౌను ఖాయం చేద్దామని మండలి కూర్చుంది. జిల్లా విద్యాధికారిణి కూడా వచ్చింది. టీ కప్పులు అందరి చేతుల్లో ఉండగా తలుపు తెరుచుకుంది. నీలం గళ్ల గౌనులో, వెంట్రుకల కాళ్లతో క్లారీ నిలబడి ఉన్నాడు. అధికారిణికి టీ పొలమారింది.

"క్లారీ! ఏంటిది?" అంది గ్లెనిస్.

"గౌను."

"గౌనని కనిపిస్తూనే ఉంది. నీ ఒంటిమీద ఎందుకుంది?"

"పిల్లలకి తొడిగేముందు నేను చూస్తానని చెప్పాగా. పొద్దున్నే ఇది వేసుకుని జెట్టీ చివరిదాకా నడిచొచ్చా. ఆ దక్షిణపు గాలికి, అమ్మాయ్, ఉన్న కాస్త పరువూ సముద్రంలో కలిసిపోయింది. ఆడపిల్లలకి నిక్కర్లు కూడా పెట్టండి." అంటూ కుర్చీలో కూర్చుని, కాలు మీద కాలు వేసుకోబోయాడు.

చర్చ లేకుండా, ఆ కాలు లేచే లోపలే, తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

పేల మందు సంగతి ఇంకా ఘోరం. చిన్న తరగతుల్లో పేలు పడ్డాయని గ్లెనిస్ తన షాపు నుంచే ఓ కొత్త షాంపూ తెచ్చి చూపించింది. మరుసటి సమావేశానికి క్లారీ ఎర్రటి నెత్తితో వచ్చాడు.

"మందు మండుతోంది గ్లెన్. పిల్లలు ఏడుస్తారు. వేరేది తెప్పించు."

"నీకు పేలు లేవుగా, ఎలా పరీక్షించావ్?"

"అరువు తెచ్చుకున్నా."

"అరువా!"

"రెండో తరగతి పిల్లలతో తలా తలా ఆనించి బొమ్మల పుస్తకం చూశా. మంచి పిల్లలు. అడగ్గానే ఇచ్చారు. కొన్ని ఇంకా ఉన్నట్టున్నాయి," అని గోక్కున్నాడు.

ఎవరూ లేవమనకుండానే సభ్యులందరూ లేచారు. ఆ నెల సమావేశం ఆటస్థలంలో, మనిషికీ మనిషికీ మధ్య ఓ గొర్రె పట్టేంత దూరంలో జరిగింది.

ఈ ఏడాదే అడిలైడ్ నుంచి బదిలీ మీద వచ్చిన ప్రిన్సిపాల్ ట్రెవర్ పెల్లీకి ఇవన్నీ చూసి మతిపోయింది. "ఈయన్ని ఎవరూ ఆపరా?" అని గ్లెనిస్‌ని అడిగాడు. "దక్షిణపు గాలిని ఎవరైనా ఆపారా?" అందామె.

అలాంటి రోజుల్లో వచ్చింది గొట్టం జారుడుబల్ల. హార్డ్‌వేర్ షాపు ముందు సాసేజీలు కాల్చి అమ్మి, లామింగ్టన్ కేకులు చేసి అమ్మి, ఊరంతా చెమటోడ్చి సంపాదించుకున్న జారుడుబల్ల అది. పసుపుపచ్చటి గొట్టం, మధ్యలో ఓ మెలిక. ప్రారంభోత్సవానికి రాజధాని నుంచి పెద్దమనిషి వచ్చాడు. మొదట ఎవరు జారాలో ముందువారమే చీటీ తీస్తే మూడో తరగతి జోసీ పేరొచ్చింది. బొద్దుగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండే పిల్ల. ఆ రోజు మాత్రం మొహం పాలిపోయి ఉంది.

పెద్దమనిషి రిబ్బను మీద కత్తెర పెట్టాడు. "ఆగండాగండి!" అని కేక. "ముందు నేను చూస్తా!" రిబ్బను కింద నుంచి దూరి, నిచ్చెన చకచకా ఎక్కి, క్లారీ గొట్టంలోకి మాయమయ్యాడు. సర్రుమని శబ్దం. తర్వాత ఏమీ లేదు. ఎంతసేపటికీ కింద నుంచి మనిషి రాడు.

"మిస్టర్ నోస్కే?" అన్నాడు పెల్లీ, గొట్టంలోకి వంగి.

"ఇరుక్కుపోయా," అంది గొట్టం.

ఊరి అగ్నిమాపక దళం నాయకుడు బారీ కాళ్లు పట్టుకుని లాగాడు. కదల్లేదు. గిన్నెలు తోమే సబ్బు బుడ్డి మొత్తం ఒంపాడు. కదల్లేదు. "గోమారిలా పట్టుకుపోయాడండీ!" అని బారీ చెమట తుడుచుకున్నాడు. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

"గాలాడటం లేదురా నాయనా! పైకప్పు కోసెయ్!" అని లోపల్నుంచి అరుపు.

రంపం తెచ్చారు. రాజధాని పెద్దమనిషి కళ్లెదురుగా, ఊరి చెమటంతా పోసి కొన్న సరికొత్త గొట్టం నెత్తి మీద రంపం ఆడింది.

"ఇంకాస్త పైదాకా కోయ్, బారీ! ఆ మెలిక దగ్గర కూడా! అంచులు గరుగ్గా వదిలేయకు!"

చివరికి క్లారీ సబ్బు నురగతో లేచి నిలబడి, అందరికీ టోపీ తీసి దణ్ణం పెట్టాడు. పెల్లీ గ్లెనిస్ వైపు తిరిగాడు. అన్నది ఒకటే: "రేపటి సమావేశంలో ఆయన్ని తీసెయ్యాలి. తీసి తీరాల్సిందే."

గ్లెనిస్‌కి కూడా తల కొట్టేసినట్టయింది. పెద్దాయన్ని అందరి ముందూ గెంటడం కంటే తనంతట తనే తప్పుకునేలా చేద్దామని మర్నాడు మధ్యాహ్నం ఆయనింటికి వెళ్లింది. క్లారీ వరండాలో చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు. మోచేతులు రెండూ వంకాయల్లా కమిలి ఉన్నాయి.

తిడదామని వచ్చిన మనిషి సంచిలోంచి మలాం తీసింది. రాస్తూ రాస్తూ ఆగింది.

"క్లారీ, ఇరుక్కున్నోడికి నడుమో పొట్టో గీసుకుపోవాలి. నీకు మోచేతులెందుకు కమిలాయి? మోకాళ్లు చూపించు."

"ఆడమనిషికి మోకాళ్లు చూపించడమేంటమ్మాయ్, సిగ్గు లేకుండా!"

"గౌన్లో అందరికీ చూపించావు. ప్యాంటు పైకి మడుచు!"

మోకాళ్లు కూడా అంతే. గ్లెనిస్‌కి అప్పుడు తట్టింది. ఈ ఎండుపుల్ల ఇరుక్కోలేదు. చేతులూ కాళ్లూ గొట్టానికి తన్నిపెట్టి, పైకప్పు మొత్తం ఊడేదాకా వేలాడాడు!

"ఎందుకు చేశావ్?"

"ఒక మనిషికి మాటిచ్చా."

"ఏ మనిషికి?"

క్లారీ మడిచిన చొక్కా చేతులు కిందికి దించుకున్నాడు. అప్పుడే పెరటి గేటు కిర్రుమంది. జోసీ, రెండు చేతులా కజ్జికాయల్లాంటి వేడి పేస్టీల పళ్లెం పట్టుకుని లోపలికొచ్చి, గ్లెనిస్‌ని చూసి బిగుసుకుపోయింది.

"తాతని తిట్టకండి! ఇరుక్కుంది నేను!"

కథ అప్పుడు బయటపడింది. ప్రారంభోత్సవానికి ముందురోజు బడి వదిలాక, ఎవరూ చూడకుండా ఒకసారి జారి చూద్దామని జోసీ గొట్టం ఎక్కింది. మెలిక దగ్గర ఆగిపోయింది. కుక్కతో అటుగా పోతున్న క్లారీ ఏడుపు విని, కాళ్లు పట్టి బయటికి లాగాడు. రేపు అందరి ముందూ మొదట జారాల్సింది తనే. జారనంటే ఎందుకంటారు. జారితే ఇరుక్కోవడం ఊరంతా చూస్తుంది. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వనని క్లారీ ఆమెకి మాటిచ్చాడు.

"పెల్లీతో చెప్పొచ్చుగా?" అంది గ్లెనిస్.

"ఏమని చెప్పను? ఫలానా పిల్ల పట్టదని మండలిలో తీర్మానం పెట్టనా? నన్ను చూసి నవ్వితే నాకేం పోతుంది గ్లెన్? ఊరు నన్ను చూసి నవ్వడం అలవాటు చేసుకుని చాలా కాలమైంది."

సాయంత్రం సమావేశంలో పెల్లీ లేచాడు. "ఇంత సన్నటి మనిషి ఎలా ఇరుక్కుంటాడు? నేను గొట్టం కొలిపించాను. కావాలనే చేశాడు!"

గ్లెనిస్ గొంతు సవరించుకుంది. పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడని మనిషి, చెవులదాకా ఎర్రబడి అంది: "నేనే చెప్పాను. గొట్టం ఇరుకేమో, దిగి చూడు, ఇరుకైతే బయటికి రాకు, కోయించెయ్యి అని."

"నువ్వెప్పుడు చెప్పావమ్మాయ్?" అన్నాడు క్లారీ, నిజంగానే ఆశ్చర్యపోయి.

బల్ల కింద గ్లెనిస్ బూటు ఆయన పిక్కకి తగిలింది.

"అబ్బా! ఆఁ... చెప్పింది, చెప్పింది. వయసు కదా, మర్చిపోయా."

"అధ్యక్షురాలి మాట విన్నందుకు సభ్యుణ్ణి తీసేయాలంటే," అంది గ్లెనిస్, "ముందు అధ్యక్షురాల్ని తీసెయ్యండి. సరే, ఎవరు చెయ్యెత్తుతారు?"

ఒక్క చెయ్యీ లేవలేదు. పెల్లీది కూడా.

సోమవారం నాటికి బారీ అంచులన్నీ నునుపు చేశాడు. ఇప్పుడది గొట్టం కాదు, పైన ఆకాశమున్న పసుపుపచ్చటి కాలువ. అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదోనని పెల్లీ కింద నిలబడి వంగి చూస్తున్నాడు. పైనుంచి జోసీ "జరగండీ!" అని అరిచింది. ఆయన జరిగే లోపల ఆమె వచ్చేసింది. టై ఒక పక్క, బూటు ఒక పక్క, ప్రిన్సిపాల్ దెబ్బ తగలకుండా పరిచిన చెక్కపేళ్ల మీద వెల్లకిలా, ఆయన పొట్ట మీద జోసీ.

బడి మొత్తం చుట్టూ మూగింది.

పెల్లీ జుట్టులోంచి ఓ చెక్కపేడు తీసి పారేసి, పొట్ట మీది పిల్ల మొహంలోకి చూశాడు. ఆ మొహం నిండా నవ్వు.

"మళ్లీ ఎక్కు," అన్నాడు. "ఈసారి పక్కకి జరుగుతా."