నైట్ షిఫ్ట్ వీధిలో ఆటస్థలం

భాగ్యరేఖ చేసే పనేమిటో ఉక్కు ప్లాంట్ పక్కనున్న ఖుర్సీపార్‌లో ఎవరికీ అంతు చిక్కలేదు. వాళ్ళమ్మ కన్నమ్మకైతే అసలే చిక్కలేదు. ఎవరైనా అడిగితే "మా అమ్మాయి డిజైనరమ్మా" అంటుంది గొప్పగా. వాళ్ళు మర్నాడే జాకెట్టు గుడ్డలు పట్టుకొస్తారు. పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, వచ్చిన గుడ్డల్ని పక్కింటి టైలర్‌కి పంపేస్తుంది.

నాగపూర్‌లో చదువుకుని వచ్చిన కొత్తలో భాగ్యరేఖ బిస్కెట్ ప్యాకెట్లకి బొమ్మలు గీసింది. ఖాళీ ప్యాకెట్ కత్తిరించి ముఖానికి కట్టుకుంటే పులి ముఖం అయ్యేది. పిల్లలు బిస్కెట్లు కొనడం మానేసి చెత్తకుండీల్లో ప్యాకెట్లు ఏరుకున్నారు, ఆమె ఉద్యోగం ఊడింది. తర్వాత ఒక ఆసుపత్రిలో ఇంజక్షన్ గదికి వెళ్ళే దారంతా కప్ప అడుగులు వేసింది. పిల్లలు గెంతుకుంటూ లోపలికి పోయేవారు, సూది చూశాక అంతకన్నా జోరుగా గెంతుకుంటూ బయటికొచ్చేవారు. స్మృతి నగర్‌లో ఒక పెళ్ళికైతే భోజనాల వరసలో జనం విసుక్కోకుండా నేలమీద వైకుంఠపాళి గీసింది. పెళ్ళికొడుకు పెదనాన్న సరిగ్గా పాము నోట్లో కాలేశాడు. వెనక్కి వెళ్ళమంటే "మగపెళ్ళోరిని పాము మింగడమేటి?" అని అలిగి కూర్చున్నాడు. ఆయన్ని బుజ్జగించి లేపేసరికి గులాబ్‌జామ్‌లు అయిపోయాయి.

నవ్వండి, నవ్వండి. ఆమె కూడా నవ్వుతుంది. కానీ లోపలొక బెంగ ఉండేది. నలభై నాలుగేళ్ళొచ్చాయి. ఇన్ని ఊళ్ళు తిరిగి ఇన్ని చేసినా, అన్నీ పండగ కాగానే పీకేసేవే, సున్నం వేస్తే పోయేవే. పుట్టిన వీధిలో నాలుగు కాలాలు నిలిచేది ఒక్కటైనా చెయ్యాలని ఆమె ప్రాణం కొట్టుకునేది.

ఆ అవకాశం వచ్చింది. వాళ్ళ వీధి చివర కాస్త ఖాళీ జాగా ఉంది. వీధి కమిటీలో సగంమంది అక్కడ కార్లు పెట్టుకుందామన్నారు, సగంమంది పిల్లలకిచ్చేద్దామన్నారు. తగువు తెగక చివరికి ఒక మాట మీదికొచ్చారు. భాగ్యరేఖ రెండు నెలలు ఆటస్థలం నడిపి చూపించాలి. నలభై రెండు ఇళ్ళవాళ్ళూ సంతకం పెడితే ఉంటుంది, ఒక్క ఇల్లు కాదన్నా కార్లకే.

ముందు అందరినీ అడగడం, తర్వాతే గీయడం ఆమె పద్ధతి. పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ముసలమ్మల్ని అడిగింది, చంటిపిల్లల తల్లుల్ని అడిగింది, ఆఖరికి పాలవాణ్ణి కూడా వదల్లేదు. అందరి మాటా కలిపి, పాత ఇనుప గొట్టాలు పొడుగూ పొట్టీ వరసగా వేలాడదీసి సరిగమల గోడ కట్టింది. ఊరు ఉక్కుదాయె! పిల్లల చేతికి తలా ఒక కర్ర ఇచ్చింది.

ఇంక చూసుకోండి, మొదటి మధ్యాహ్నమే వీధి దద్దరిల్లిపోయింది. పది నిమిషాలు గడవకుండానే ఆరో నంబరు ఇంటి తలుపు తెరుచుకుని, గణపతిరావు లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చాడు.

"పీకీయండి. మొత్తం పీకీయండి. నాను సంతకం ఎట్టను" అని, వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఆ వీధి అలవాటొకటి చెప్పాలి. ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్ చేసొచ్చి పగలు పడుకున్నవాళ్ళ తలుపుకి హెల్మెట్ తగిలిస్తారు. అది కనిపిస్తే కూరగాయలవాడు కేకెయ్యడు, చుట్టాలు తలుపు తట్టరు. ఇంకా మాటలు రాని పిల్లలకి కూడా ఆ సంగతి తెలుసు. గణపతిరావు క్రేన్ ఆపరేటర్. అందరూ తప్పించుకునే నైట్ షిఫ్ట్‌లని అడిగి మరీ వేయించుకున్న మనిషి. రిటైరై నాలుగేళ్ళయినా రాత్రి నిద్ర పట్టదు, పగలే పడక. హెల్మెట్ కూడా ఇంకా తలుపుకే ఉంది. భాగ్యరేఖ ఆ వీధిలో పెరిగిన పిల్లాయె, దాన్ని చూడగానే ఆమె కాళ్ళు వాటంతటవే మునివేళ్ళ మీద నడుస్తాయి. అలా హెల్మెట్ లేని రోజు చూసి నలభై ఒక్క ఇళ్ళు అడిగి, హెల్మెట్ ఎప్పటికీ దిగని ఆ ఒక్క ఇల్లు దాటుకుపోయింది. అందరినీ అడగడమే తన విద్య అని చెప్పుకునే మనిషి చేసిన పని చూడండి! ఆమె సిగ్గుతో చచ్చిపోయింది.

సాయంత్రం ఆయన లేచి టీ తాగే వేళకి వెళ్ళింది. ఆయన భార్య గున్నమ్మ కుర్చీ వేసింది.

"గల్తీ అయిపోయింది బాబాయ్. గొట్టాలన్నీ తీయించీసినాను. నీ నిద్ర పాడుసేసినాను."

"నిద్రేటి? ముప్పైనాలుగేళ్ళు ఆ రొదలో ఉన్నోణ్ణి, నాకు సప్పుడో లెక్కా? అందరిళ్ళకీ ఎల్లినావట. మా గుమ్మంలోకి రానేదేటి?"

"హెల్మెట్ ఉంది కదా. ఎలా లేపుతాను?"

"అదే మరి. నాలుగేళ్ళయింది, పగటిపూట ఈ తలుపు ఒక్కుడూ కొట్టనేదు."

"తీసీయమంటే ఇనడమ్మా" అంది గున్నమ్మ. "తీసీస్తే డూటీ అయిపోయినట్టేనట."

జాలి చూపిస్తే ఆయనకి ఒళ్ళు మండుతుందని భాగ్యరేఖకి తెలుసు. అందుకని పుస్తకం తెరిచింది.

"సరే బాబాయ్, ఇప్పుడడుగుతన్నాను. ఆ జాగాలో నీకేటి కావాలి?"

ఆయన టీ గ్లాసు చేతిలో తిప్పుతూ ఆలోచించాడు.

"క్రేను" అన్నాడు.

గున్నమ్మ నెత్తి కొట్టుకుంది. భాగ్యరేఖ మాత్రం రాసుకుంది. "అంత ఎత్తున కూసుంటే కిందోళ్ళ మాట నీకెలా ఇనబడేది?" అని అడిగింది.

"ఆ రొదలో ఇనబడడమేటి? సేతులే మాట."

చూపుడువేలు పైకెత్తి తిప్పితే ఎత్తమని, కిందికి పెట్టి తిప్పితే దించమని. రెండు చేతులూ పైకి లేస్తే ఎక్కడిదక్కడ ఆగిపోవాలి. చూపిస్తూ చూపిస్తూ ఆయన లేచి నిలబడిపోయాడు. టీ సంగతే మరిచిపోయాడు.

మూడు వారాల్లో జాగాలో బుల్లి క్రేన్ లేచింది. చక్రం తిప్పితే ఇసుక బుట్ట లేస్తుంది. నోరు విప్పినవాడు ఔట్, అంతా సైగలతోనే. గణపతిరావు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, తప్పు సైగ చేసినవాళ్ళని కళ్ళతోనే ఉరుముతూ నేర్పించాడు.

ఒక శనివారం మధ్యాహ్నం కమిటీ చూడ్డానికొచ్చింది. ముప్పైమంది పిల్లలు ఆడుతున్నారు, వీధిలో చీమ చిటుక్కుమంటే వినబడుతుంది. పావుగంట గడిచింది. ఉన్నట్టుండి తల్లులందరూ పొయ్యిమీద కూరలు వదిలేసి, బెంబేలెత్తిపోయి పరిగెత్తుకొచ్చారు. పిల్లల అరుపులు ఆగిపోతే ఏ తల్లి గుండె నిలుస్తుంది?

"ఏటైపోయింది? పిల్లలేరీ?"

గణపతిరావు లేచి రెండు చేతులూ పైకెత్తాడు. చక్రం ఆగింది, బుట్ట గాల్లో నిలిచింది. తల్లులు కూడా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. కమిటీ ప్రెసిడెంట్ మురళీధర్ ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు. అప్పుడు పిల్లలు ఒక్కసారిగా పకపకా నవ్వారు, ముప్పైమందీ ఔట్.

నలభై రెండో సంతకం గణపతిరావు నిలబడే పెట్టాడు. భాగ్యరేఖ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"రేపు నన్ను ఏ షిఫ్ట్‌కి రమ్మంటావు?" అని అడిగాడు ఆమెని.

"ఆదివారం కదా బాబాయ్. పిల్లలు పొద్దున్న ఏడింటికే వొచ్చీస్తారు."

"ఏడింటికా!" అని, ఆయన గుమ్మంలో నిలబడ్డ భార్యకేసి తిరిగి కేకేశాడు. "ఏటే, అన్నం పెందలాడే ఎట్టీ. రేత్రి పడుకోవాలి."

కాపురానికొచ్చాక గున్నమ్మ ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.