డివిడెండ్ రానీ

ఆళ్ళగడ్డ బడిపంతులు తిమోతి సారును ఏమడిగినా ఒకటే జవాబు: "డివిడెండ్ రానీ." చెప్పులు తెగితే డివిడెండ్ రావాలి. కళ్ళజోడు కాడ ఊడితే డివిడెండ్ రావాలి. కుక్కర్ రబ్బరు సాగిపోయి ఆవిరంతా పక్కకు పోతుంటే, పప్పు ఉడకడానికి కూడా డివిడెండే రావాలి.

"అది వచ్చేలోపల నా పండ్లన్నీ ఊడిపోతాయి" అనేది భార్య శాంతమ్మ.

"కట్టిచ్చుకుందువులే. డివిడెండ్ రానీ."

దీనికంతా మూలం వజ్రాలు. ఆ వైపు తొలకరి పడితే చాలు, జనం వజ్రాల కోసం చేలల్లో వంగి వెతుకుతారు. శిరివెళ్లలో ఉండే సారు స్నేహితుడు అబ్రహాము అట్లాగే ఒక వానాకాలమంతా వెతికి నడుము పట్టేసుకున్నాడు. సారుకు జాలేసింది.

"నువ్వు వంగేదేందప్పా? వజ్రాలు వెతికే కంపెనీయే ఉంది. షేర్లు కొందాం. వంగేది వాళ్ళు, డివిడెండ్ తినేది మనం."

అబ్రహాము గొర్రెలమ్మి దుడ్లు తెచ్చాడు. ఇద్దరి షేర్లూ సారు పేరనే కొన్నారు. కంపెనీ వంగింది, తవ్వింది, ఇప్పటికీ వెతుకుతూనే ఉంది. మరుసటేడు అబ్రహాము గుండె ఆగి చనిపోయాడు. సారు మాత్రం ఆ కంపెనీని వదల్లేదు.

ఏటా అక్టోబరులో ఒకరోజు ఇస్త్రీ చొక్కా తొడిగి, తెగిన చెప్పుకు పిన్నీసు గుచ్చి బయల్దేరేవాడు.

"యాడికి పోతాండావ్?" అనేది శాంతమ్మ.

"నంద్యాలకు. షేర్ల ఆఫీసులో డివిడెండ్ సంగతి అడిగొస్తా."

సాయంత్రానికి ఒట్టి చేతులతో దిగేవాడు.

"ఏమన్న్యారు?"

"వెతుకుతాండారంట."

వీధంతా నవ్వేది. నవ్వనిది కూతురు అనిత ఒక్కతే. ఆమె నంద్యాలలోనే ఉంటుంది, బస్టాండుకు నాలుగడుగుల దూరంలో. ఒక ఏడు ఆయనకిష్టమని జొన్నరొట్టెలు, చెనిక్కాయల చట్నీ చేసి పొద్దుగూకేదాకా వాకిట్లో చూసింది. ఆయన రాలేదు.

"ఈడిదాకా వచ్చి నా ఇంటికి రాకుండా పోతావా నాయనా? నీ డివిడెండ్ కంటే నేను తక్కువా?" అని ఫోన్లో ఏడ్చింది.

"పని తెమల్లేదమ్మా. వచ్చేసారి తప్పకుండా వస్తా."

అట్లాంటి వచ్చేసార్లు పదిహేను గడిచాయి. ఈ సెప్టెంబరులో తిమోతి సారు నిద్రలోనే పోయాడు. పెట్టెలో పడుకోబెట్టేటప్పుడు శాంతమ్మ కొత్త చెప్పులు తెప్పించి తొడిగించింది. పెళ్ళయినప్పటి నుంచి వింటున్న ఆ గొంతు ఇప్పుడైనా పలుకుతుందేమోనని కాసేపు చూసింది. మొదటిసారి ఆయన డివిడెండ్ మాట ఎత్తలేదు.

నెల తర్వాత అనిత తండ్రి ట్రంకుపెట్టె తెరిచింది. పైన కంపెనీ ఉత్తరం ఉంది. "ఇంతవరకు ఎన్నడూ డివిడెండ్ ఇవ్వలేదు. సమీప భవిష్యత్తులో ఇచ్చే ఉద్దేశం లేదు. ప్రతి రూపాయీ అన్వేషణకే వాడతాము." దాని కింద సారు ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన మార్కులు కూడా వేశాడు: "నిజం చెప్పినారు. పదికి పది." తేదీ చూస్తే షేర్లు కొన్న రెండో ఏడు.

మరి తెలిసి తెలిసీ ప్రతి ఏడూ అడిగి రావడమేమిటి? అడుగున రబ్బరుబ్యాండు వేసిన బస్సు టికెట్లు ఉన్నాయి. అన్నీ ఆళ్ళగడ్డ నుంచి శిరివెళ్లకే. నంద్యాల టికెట్ ఒక్కటీ లేదు. అంటే నాయన ఆమె గడప తప్పించుకుని పోలేదు. ఆ ఊరికే రాలేదు. టికెట్ల కింద ఒక కవరు, మీద "దేవమ్మకు, డివిడెండ్" అని రాసి ఉంది. లోపల నాలుగున్నర వేలు.

దేవమ్మ అబ్రహాము భార్య. అనిత మరునాడే శిరివెళ్లలో బస్సు దిగింది.

"రా పాపా. అన్న పోయినంక ఈ ఏడు ఎవురొస్తారులే అనుకుంటి" అని దేవమ్మ కొంగుతో మంచం దులిపింది. "మా ఆయప్ప పోయినప్పుడు చర్చి సంఘమోళ్ళు చందా ఎత్తి ఇస్తే తిప్పి పంపిస్తి. మొగుడు సంపాదిచ్చిందైతే తింటా, ధర్మం దుడ్లు నాకొద్దంటి. మరుసటేడు నుంచి మీ నాయన డివిడెండు తెచ్చె, ఏడాదికి ఆరువేలు. అమ్మిన గొర్రెలు నాకు తిరిగొచ్చినట్లే అనుకో."

అనిత సంచిలోని కవరును తడిమింది.

"ఒకపారి అడిగితి. నీ చెప్పులేందన్నా అట్లుండాయి, నీకు డివిడెండు రాల్యా అని. నా వంతు మళ్ళా కంపెనీలోనే పెడ్తాండా చెల్లెమ్మా అనె. దురాశ గల్ల మనిషి పాపం!"

నిజం చెబితే ఈ మనిషి పదిహేనేళ్ళదీ లెక్కగట్టి, కూలికిపోయి అయినా తీరుస్తుంది. అనిత పక్కకు తిరిగి, తన పర్సులోంచి పదిహేను వందలు తీసి కవర్లో కలిపింది.

"ఈసారి కొంచెం ఆలస్యమైందత్తా. తీసుకో."

దేవమ్మ కవరు కళ్ళకద్దుకుంది. "ఆ కంపెనోళ్ళు మంచోళ్ళు పాపా. సచ్చినోళ్ళను గూడా మర్సిపోల్యా."

"ఔనత్తా. మంచోళ్ళే" అంది అనిత, ఏడుపూ నవ్వూ ఒకేసారి వస్తుంటే.

నంద్యాలలో ఇల్లు చేరేసరికి భర్త జీవన్ కుమార్ మిక్సీ ముందు కూర్చుని ఉన్నాడు. "ఇది తిరగదు అనితా. కొత్తది కొందామా?"

అనిత చెప్పులు విప్పి గోడవార పెట్టింది. ఒకదాని వారు తెగిపోయేలా ఉంది.

"కొందాంలే" అంది. "డివిడెండ్ రానీ."