వేడి పడని మా అత్తమ్మ

మా ఆయన ఆ మాట తెలుగులో చెప్పలేకపోయాడు. నేను బడిలో రెండో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుంటే ఫోన్ వచ్చింది. "అమ్మ నహీ రహీ" అన్నాడు. నాకు అర్థం కాక ఏమిటని అడిగాను. మళ్లీ అదే మాట, అంతే నెమ్మదిగా. భిలాయిలో పుట్టి పెరిగిన మనిషి. స్నేహితులతో, పనిలో, చివరికి నాతో కోపం వచ్చినప్పుడు కూడా హిందీయే. తెలుగు మాత్రం తల్లితో మాట్లాడేవాడు. ఆ తల్లి పోయిందని చెప్పడానికి ఆ భాష నోటికి రాలేదు.

ఆ ఉదయం నేను స్కూటీ తీస్తుంటే అత్తమ్మ వాకిట్లోకి వచ్చారు. "చున్నీ ముడేసుకో అమ్మాయ్, చక్రంలో పడిపోతాది" అన్నారు. నాకు ఆవిడ చెప్పిన ఆఖరి మాట అది. తర్వాత చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఊపిరాడటం లేదని గోడకు చేరబడ్డారట. మావయ్య మంచినీళ్లు తెచ్చేలోపే అయిపోయింది. గుండె బాగోలేదని ఏడాదిగా తెలుసు. తెలిసినంత మాత్రాన మనసు సిద్ధంగా ఉంటుందా?

శ్రీకాకుళం పక్క పల్లె నుంచి నేను కోడలిగా వచ్చినప్పుడు వీళ్లు భిలాయిలోనే, మరోదాలో ఉక్కు ప్లాంటు క్వార్టర్లో ఉండేవారు. మొదటి రోజు పొద్దున్నే స్నానం చేసి దేవుడి గది కోసం వెతికాను. గది లేదు. వంటింటి మూల మావయ్య దేవుళ్ల పటాలు, దీపం ఉన్నాయి. ముందు గదిలో కిటికీ పక్కన చిన్న అరలో ఒక ప్రార్థన పుస్తకం, స్టీలు గ్లాసులో రెండు నందివర్ధనాలు. నేను ఎటు తిరిగి దండం పెట్టాలో తెలియక నిలబడిపోతే అత్తమ్మ చూశారు.

"ఆ దీపం మీ మావయ్యది. ఈ పుస్తకం నాది. నువ్వు ఎక్కడ దండమెట్టుకున్నా నాకేటీ అభ్యంతరం లేదు. ఇద్దరం పిలిచేది ఒకల్నే గదా."

"మీరు వేరేనా అత్తమ్మా?"

"నాను బహాయీనమ్మా."

అదేదో ఊరిపేరు కాబోలనుకుని, "అది ఎక్కడుందండీ" అని అడిగాను. ఆవిడ నవ్విన నవ్వుకు మావయ్య పెరట్లోంచి లోపలికొచ్చారు. ఆ తర్వాత ఎన్నాళ్లో నన్ను ఆటపట్టించారు. నెమ్మది మీద చెప్పారు. దేవుడొక్కడేనని, మనుషులంతా ఒకే ఇంటివాళ్లని, మతాలన్నీ ఆయన దగ్గర్నుంచే ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయని. ఆవిడ అంతకు మించి బోధించిన గుర్తు లేదు. మిగిలింది ఆవిడని చూస్తూ నేర్చుకున్నాను.

అత్తమ్మకు వేడి పడేది కాదు. భిలాయి ఎండాకాలం ఎలా ఉంటుందో ఇక్కడ ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. కూలర్ ముందు కూర్చుని కూడా కొంగుతో విసురుకునేవారు. పగలు చాప కూడా వద్దని నీళ్లతో తుడిచిన గచ్చు మీద పడుకునేవారు. అలాంటి మనిషి మధ్యాహ్నం లేచి, చేతులూ ముఖమూ కడుక్కుని, పశ్చిమం వైపు తిరిగి, కొంగు సర్దుకుని ప్రార్థనకు నిలబడితే ఆ కాసేపూ విసురుకోవడం ఉండేది కాదు. చెమట చెంపల మీదుగా కారుతున్నా కదిలేవారు కాదు.

మార్చి నెలలో ఆవిడకు ఉపవాసాలు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా మంచినీళ్లు కూడా ముట్టరు. ఆ రోజుల్లో తెల్లారకముందే స్టవ్ వెలిగించేది మావయ్య. ఆయన బహాయీ కాదు, ఎప్పుడూ కాలేదు. టీ కాస్తూ గొణిగేవారు.

"మీ దేవుడికి ఇంత పొద్దున్నే ఆకలేటే?"

"ఆయనకి కాదు, నాకు. టీ పోసీండి, తెల్లారిపోతాంది."

ఉపవాసాలు అయ్యాక వచ్చే కొత్త సంవత్సరం మా ఉగాదికి అటూ ఇటూగా పడేది. రెండింటికీ ఆవిడే బూరెలు వండేవారు. పోయిన ఏడాది డాక్టరు ఉపవాసం కూడదన్నాడు. ఆవిడ ముఖం చిన్నబోయింది కానీ మొండికెయ్యలేదు. "ఒంట్లో బాగోకపోతే మానమన్నదీ ఆయనే గదా" అన్నారు. అయినా మావయ్య ఆ నెలంతా అదే వేళకు లేచి టీ కాశారు. ఇద్దరూ తెల్లారేదాకా వాకిట్లో కూర్చుని తాగేవారు.

మావయ్య రిటైరయ్యాక క్యాంప్ 2 బస్తీలో ఈ ఇల్లు కట్టుకుని వచ్చేశాం. గోడకు గోడ, గుమ్మానికి గుమ్మం. కుళాయి దగ్గర ఎవరి సంగతైనా ఎవరైనా మాట్లాడతారు. అత్తమ్మ బిందె పెట్టగానే ఆ మాటలు తగ్గిపోయేవి. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ ఒకసారి వెనక వీధి కోడలి గురించి ఏదో మొదలుపెడితే, అత్తమ్మ తన హిందీలో, "ఉస్‌కో భీ బులావో, మిల్‌కే బాత్ కరేంగే" అన్నారు. ఆ అమ్మాయిని కూడా పిలు, కలిసే మాట్లాడుకుందాం అని. ఎత్తిపొడుపు లేదు, నిజంగానే పిలవమన్నారు. పక్కింటావిడ పకపకా నవ్వేసింది. అప్పటి నుంచి ఆవిడ అత్తమ్మకు చెల్లెలైపోయింది.

ఆదివారం ఉదయం మా ముందు గది పిల్లలతో నిండిపోయేది. ఒడియా వాళ్లు, బిహారీలు, తెలుగు వాళ్లు, ఛత్తీస్‌గఢీలు. అత్తమ్మ వాళ్లకు ప్రార్థన నేర్పేవారు, పాట పాడించేవారు, నిజం చెప్పడం గురించీ పంచుకోవడం గురించీ కథలు చెప్పేవారు. ఆవిడ హిందీలో ఆడమగ తేడా ఉండేది కాదు. పిల్లలు దిద్దేవారు, అందులో మా అమ్మాయి అందరికంటే ముందు. దిద్దినప్పుడల్లా "షుక్రియా టీచర్‌జీ" అని వాళ్లకే దండం పెట్టేవారు. గొంతు అస్సలు శ్రుతిలో ఉండేది కాదు. అందరికంటే గట్టిగా పాడేది ఆవిడే.

ఈ సంతోషం ఆవిడకు పుట్టుకతో వచ్చిందనుకునేదాన్ని. నాకు రెండోసారి కడుపు పోయినప్పుడు తెలిసింది, కాదని.

ఆసుపత్రి నుంచి వచ్చాక నేను గోడవైపు తిరిగి పడుకుని ఉండేదాన్ని. లేవమని అత్తమ్మ ఒక్కసారి కూడా అనలేదు. ఒకనాటి మధ్యాహ్నం పక్కన కూర్చుని, నా పాదాలకు కొబ్బరినూనె రాస్తూ చెప్పారు. పెద్దకొడుకు మా బావగారికీ మా ఆయనకూ మధ్య ఒక ఆడపిల్ల ఉండేదట. బడికి వెళ్లే వయసులో జ్వరం వచ్చి పోయింది. ఆ తర్వాత ఆవిడ మాట్లాడటం మానేశారు. వండేవారు, పెట్టేవారు, అంతే. ఆసుపత్రిలో పాపను చూసుకున్న నర్సమ్మ మరోదాలో వెనక వరుసలోనే ఉండేది. మరాఠీ మనిషి, బహాయీ. రోజూ డ్యూటీ దిగి వచ్చి కాసేపు ఊరికే కూర్చుని వెళ్లేదట. ఒకరోజు, మా ఇల్లు ఇరుగ్గా ఉంది, పిల్లల క్లాసు మీ ఇంట్లో పెట్టుకోనా అని అడిగింది.

"పిల్ల పోయిన కొంపలోకి పిల్లల్ని తెస్తానంటాదేటి అనుకున్నాను. కాదన్లేకపోయినాను. నాను వంటింట్లో తలుపేసుకుని కూకున్నాను. ఓ పిల్ల వచ్చి తలుపు కొట్టి నీళ్లడిగింది. ఇచ్చినాను. తాగీసి, మూతి తుడుచుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చీసింది. నవ్వినాక ఎంత భయమేసిందో అమ్మాయ్. నా పాపకి ద్రోహం చేసినాననిపించింది."

"మరి?"

"నర్సమ్మతో అన్నాను. ఆవిడన్నాది, పోయినోళ్ల పేరున మనం ఇక్కడ చేసే మంచంతా వాళ్లకి అందుతాదని. అప్పుడు నాకు తోచింది. నాను మూల కూకుని ఏడుస్తుంటే పాపకి పంపడానికి ఏటుంటాది? కన్నతల్లిని, ఏదో ఒకటి పంపాలి గదా. ఆ మరుసటి ఆదివారం నానే తలుపు తీసినాను."

నా రెండో పాదం ఒళ్లోకి తీసుకున్నారు. తర్వాత, "ఏడుపు మానమని చెప్పట్లేదు. నాకిప్పటికీ వస్తాది. వచ్చినప్పుడు ఏడుస్తాను, మళ్లీ పనిలోకెళ్తాను" అన్నారు.

అప్పుడు గాని నాకు తెలియలేదు, ఆ ముందు గదిలో శ్రుతి లేకుండా అంత గట్టిగా ఎవరికి వినపడాలని పాడేవారో.

అత్తమ్మ పోయిన మర్నాడు ఉదయం బావగారు విశాఖ నుంచి రైలు దిగి వచ్చారు. తల్లి కాళ్ల మీద పడి ఏడ్చి, లేచి, శ్మశానం ఏర్పాట్లు ఎక్కడిదాకా వచ్చాయని అడిగారు. మా ఆయన తల దించుకున్నాడు. బహాయీలు దహనం చెయ్యరు. తనను మట్టిలో పెట్టాలని అత్తమ్మ చాలాసార్లు చెప్పారు. ఆ సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది.

"నీతో చెప్పింది. నాతో చెప్పలేదు" అన్నారు బావగారు. కోపం కాదది. తర్వాత మావయ్య వైపు తిరిగి, "పెద్దోళ్లని పూడ్చడం మన ఇంటా వంటా లేదు నాన్నా. పెద్దకొడుకుని నానుండి తలకొరివి పెట్టకపోతే ఎలాగ? అమ్మకి నాను చెయ్యాల్సిన ఆఖరి పని కదా అది" అన్నారు. తల్లి పట్ల తన వంతు పని అడుగుతున్న కొడుకును ఎవరు తప్పుపట్టగలరు?

మావయ్య అప్పటిదాకా అత్తమ్మ తల దగ్గర నేల మీద కూర్చుని ఉన్నారు. తలెత్తకుండానే మాట్లాడారు.

"ఇన్నేళ్లూ నా దీపానికి అది అడ్డు రాలేదురా. దాని దారికి నానెలా అడ్డొస్తాను?"

ఆవిడ నుదుటి మీది జుట్టు సర్ది మళ్లీ అన్నారు. "నాకూ దిగులేసింది. రేపు నన్ను కాల్చీస్తారు, నువ్వు మట్టిలో ఉంటావు, మరి మళ్లీ ఎక్కడ కలుస్తామే అని అడిగినాను. ఏటన్నాదో తెలుసా? 'మీకు నిప్పు అలవాటే, జీవితమంతా ప్లాంటులో కోక్ ఓవెన్ల మంట కాడే గదా. నాకు వేడి పడదు. నన్ను మట్టిలో ఎట్టీండి. కలిపే సంగతి ఆయన చూసుకుంటాడు' అన్నాది."

ఆయన నవ్వబోయారు. అది నవ్వు కాలేదు. బావగారు తండ్రి పక్కన కూలబడి ఆయన భుజం మీద తల పెట్టుకున్నారు. ఇక ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

నర్సమ్మ తెల్లటి నూలు బట్ట తెచ్చింది. ఆవిడకూ ఇప్పుడు నడుం వంగిపోయింది. ఆవిడా, పక్కింటావిడా, నేనూ కలిసి స్నానం చేయించాం. పాదాలు నేను కడిగాను. మడమలు పగిలి ఉన్నాయి. నా పాదాలకు నూనె రాసిన మనిషి పాదాలు అన్నాళ్లూ నేను చూడనే లేదు. గులాబీ నీళ్లు చల్లి, వేలికి వాళ్ల ప్రార్థన చెక్కిన ఉంగరం తొడిగి, ముఖం వదిలి బట్ట చుట్టాం. మావయ్య గుమ్మంలో నిలబడి మొహమాటంగా అడిగారు, బొట్టు పెట్టొచ్చా అని. నర్సమ్మ పక్కకు జరిగి, "ఆప్ హీ లగాయియే భయ్యా" అంది. మీరే పెట్టండని. ఆయన పెడుతుంటే కుంకుమ కొంచెం ముక్కు మీద రాలింది. తుడవబోయి, తుడవకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

సమాధుల స్థలం ఊరి చివర. అక్కడ ఒకరు ప్రార్థన చదువుతుంటే మిగతావాళ్లంతా నిలబడి వినాలి. ఆ ప్రార్థన పొడవైనది, అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. మోకాళ్ల నొప్పులని ఎవరో మావయ్యకు కుర్చీ వేస్తే చెయ్యడ్డం పెట్టారు. ఆదివారం పిల్లలు కొందరు తల్లుల కొంగులు పట్టుకుని నిలబడ్డారు. ఒక పిల్ల కింది నుంచి పెదవులు కదుపుతూ తనకొచ్చిన ప్రార్థన ఏదో చెప్పుకుంటోంది. శవపెట్టెను దించేటప్పుడు తలవైపు తాడు బావగారు పట్టుకున్నారు. మరొకరు అందుకోబోతే ఇవ్వలేదు. మట్టి వెయ్యడానికి పార ఇస్తే మావయ్య తీసుకోలేదు. వంగి రెండు చేతులతోనూ తోశారు. వద్దన్నా వినకుండా, గొయ్యి నిండేదాకా ఆయన అలాగే తోస్తూ ఉన్నారు.

మావయ్య ఆచారం తెలిసిన మనిషి. శ్మశానం నుంచి వస్తే తలమీద నీళ్లు పోసుకోకుండా గడప దాటి ఎరగరు. నేను ముందుగా వచ్చి వాకిట్లో రెండు బాల్చీలు నింపి ఉంచాను. అందరూ స్నానాలు చేసి లోపలికి వెళ్లారు. ఆయన మాత్రం మెట్టు మీద కూర్చుండిపోయారు. చేతులు మోకాళ్ల మీద వెల్లకిలా పెట్టుకున్నారు. అరచేతుల నిండా ఎర్రమట్టి, గోళ్లలో కూడా. ఆరిపోయి పగుళ్లు దేరుతోంది.

చెంబుతో నీళ్లు తీసుకుని పక్కన కూర్చున్నాను. "చేతులు ఇవ్వండి మావయ్యా, కడుగుతాను" అన్నాను.

ఆయన గుప్పిళ్లు మూసుకున్నారు.

"రేపు కడుక్కుంటాన్లే అమ్మా" అన్నారు.